టైఫాయిడ్ నాకు మందులతో తగ్గింది, వీధిలో మాత్రం పైపు మార్చాకే ఆగింది

టైఫాయిడ్ అంటే ఏదో పాతకాలం జబ్బు, ఇప్పుడెవరికి వస్తుందిలే అనుకునేవాళ్ళు ఇంకా చాలామందే ఉన్నారు, వాళ్ళ కోసమే ఇది రాస్తున్నా. నాకు వచ్చింది, తగ్గింది, ఇప్పుడు బానే ఉన్నా. కానీ జ్వరం గురించి కన్నా అది ఎక్కడి నుంచి వచ్చిందో పట్టుకున్నవాళ్ళ గురించే ఎక్కువ చెప్పాలని ఉంది.

మొదట్లో పెద్దగా ఏమీ అనిపించలేదు. సాయంత్రానికి ఒళ్ళు కాస్త వెచ్చబడటం, తలనొప్పి, నోటికి ఏదీ రుచించకపోవడం, అంతే. పొద్దున్నే కొంచెం తగ్గినట్టు ఉండేది, మళ్ళీ సాయంత్రానికి నిన్నటికన్నా ఇంకాస్త ఎక్కువ, అలా మెట్లెక్కినట్టు పెరుగుతూ పోయి 103 దాటింది. జలుబు లేదు, కడుపులో మాత్రం ఒకటే బరువు, మంచం దిగి బాత్రూమ్ దాకా పోవాలంటే గోడ పట్టుకోవాల్సిందే. నీరసం ఎంతలా ఉండేదంటే పక్కనే ఫోన్ మోగుతున్నా చెయ్యి చాపాలనిపించేది కాదు.

డాక్టర్ గారు చూడగానే బ్లడ్ కల్చర్ రాశారు, అంటే రక్తం తీసి అందులో ఉన్న క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష. యాంటీబయాటిక్ ఒక్క డోసు కూడా పడకముందే రక్తం తీయాలన్నారు, మందు పడ్డాక తీస్తే క్రిమి ఒంట్లో ఉన్నా ల్యాబ్‌లో పెరగకపోవచ్చట. విడాల్ టెస్ట్ (క్రిమిని కాదు, దాని మీద పోరాడటానికి ఒంట్లో తయారయ్యే యాంటీబాడీల్ని చూసే రక్తపరీక్ష) ఒక్కటి చూసి టైఫాయిడ్ అని తేల్చేయకూడదు, ఎప్పుడో వచ్చిపోయినా, వేరే ఇన్ఫెక్షన్ ఉన్నా కూడా అది పాజిటివ్ చూపించొచ్చు. కల్చర్‌లో అయితే ఏ క్రిమో, అది ఏ మందుకి లొంగుతుందో కూడా తెలుస్తుంది, ఇప్పుడు చాలా మందులకి ఈ క్రిమి మొండికేసింది కాబట్టి అది తెలియడం చాలా ముఖ్యం. రిపోర్ట్‌లో సాల్మొనెల్లా టైఫీ అని వచ్చింది, టైఫాయిడ్ తెచ్చే క్రిమి పేరు అదే.

ఇంజెక్షన్లు మొదలయ్యాక కూడా జ్వరం దిగకపోయేసరికి మా అమ్మ భయపడిపోయింది. "సరైన మందు పడ్డా టైఫాయిడ్ జ్వరం దిగడానికి నాలుగైదు రోజులు పడుతుందమ్మా, కంగారు పడకండి" అన్నారు డాక్టర్ గారు, అలానే దిగింది. జ్వరం పోయింది కదా అని కోర్సు మధ్యలో ఆపొద్దు, ఈ మాట గట్టిగా చెప్తున్నా, ఆపితే జబ్బు తిరగబెడుతుంది.

ఇక అసలు సంగతి. నేను ఇంకా మంచం మీద ఉండగానే ఒక హెల్త్ వర్కర్ ఇంటికి వచ్చారు. ఎలా ఉందని అడిగి, వెంటనే నీళ్ళ గురించి మొదలుపెట్టారు: తాగేవి ఎక్కడివి, ట్యాప్ ఎప్పుడొస్తుంది, వదలగానే మొదట వచ్చే నీళ్ళు ఏ రంగులో ఉంటాయి, వాసన ఉందా. నిన్నామొన్నా ఏం తిన్నారని ఆవిడ అడగలేదు, ఎందుకంటే క్రిమి ఒంట్లోకి వెళ్ళాక జ్వరం బయటపడటానికి మామూలుగా ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది, అంత వెనక్కి వెళ్ళి వెతకాలి. ఆవిడ దగ్గర చేత్తో గీసుకున్న వీధి మ్యాప్ ఉంది, జ్వరం వచ్చిన ప్రతి ఇంటికీ ఒక గుర్తు. గుర్తులన్నీ పైప్‌లైన్ కింది చివర్లోనే ఉన్నాయి, పై వైపు ఒక్కటీ లేదు.

1854లో లండన్‌లో కలరా వచ్చినప్పుడు జాన్ స్నో అనే డాక్టర్ చేసింది కూడా ఇదే, చనిపోయినవాళ్ళ ఇళ్ళు ఏ పంపు చుట్టూ ఉన్నాయో చూసి ఆ పంపు హ్యాండిల్ తీయించాడు. కలరా క్రిమి ఇదీ అని రాబర్ట్ కోచ్ అనే జర్మన్ శాస్త్రవేత్త చూపించడానికి అప్పటికి ఇంకా 30 ఏళ్ళ దూరం ఉంది, అయినా నీళ్ళలోనే ఉందని పట్టుకోగలిగారు. నూటయాభై ఏళ్ళు దాటినా ఆ పద్ధతి మా ఇంటి గుమ్మం దాకా వచ్చి పనిచేసిందంటే నాకు నిజంగా గొప్పగా అనిపించింది.

తర్వాత ఆవిడ మా ట్యాప్ నీళ్ళు చిన్న గాజు గొట్టంలో పట్టి ఒక మాత్ర వేసి ఊపారు. క్లోరిన్ ఉంటే గులాబీ రంగు రావాలి, ట్యాప్ దగ్గరికి వచ్చేసరికి లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు మిగిలి ఉండాలట. మా నీళ్ళు ఎంత ఊపినా రంగు మారలేదు. అదే లైన్ మీద వీధి మొదట్లో ఇంట్లో చూస్తే గులాబీ రంగు వచ్చిందట, అంటే మధ్యలో ఎక్కడో మురుగు కలిసి ఉన్న క్లోరిన్‌ని తినేస్తోంది.

తవ్వి చూస్తే పైపు మురుగుకాలువ పక్కనే పోతోంది, ఒక జాయింట్ పగిలి ఉంది. సప్లై ఉన్నంతసేపూ నీళ్ళు బయటికి కారతాయి, ఆపేసిన తర్వాత ఖాళీ అయిన పైపు చుట్టూ ఉన్న మురుగుని లోపలికి లాక్కుంటుంది, మళ్ళీ వదిలినప్పుడు అదే మన బిందెలోకి. నీళ్ళు వాసన వస్తున్నాయని ముందే కంప్లైంట్లు వెళ్ళాయి, ఎవరూ పట్టించుకోలేదు, అప్పుడే వచ్చి ఆ గాజు గొట్టంతో ఒక్కసారి చూసి ఉంటే ఇంతమంది మంచాన పడేవాళ్ళు కాదు, ఆ కోపం నాకు ఇప్పటికీ ఉంది. పైపు మార్చేదాకా నీళ్ళు కాచుకునే తాగమన్నారు. పైపు మార్చాక, అప్పటికే క్రిమి ఒంట్లోకి వెళ్ళినవాళ్ళకి తప్ప కొత్తగా ఎవరికీ రాలేదు.

తగ్గాక కూడా నాకు మల పరీక్ష చేయించారు. టైఫాయిడ్ తగ్గినవాళ్ళలో 2 నుంచి 5 శాతం మందికి క్రిమి పిత్తాశయంలో ఉండిపోతుంది, మనిషి చూడ్డానికి ఆరోగ్యంగానే ఉంటాడు, కానీ చేతులు సరిగా కడుక్కోకుండా వండిపెడితే ఇంకొకళ్ళకి అంటుతుంది. నాకు నెగెటివ్ వచ్చింది. పాజిటివ్ వచ్చినవాళ్ళని దూరం పెట్టకండి దయచేసి, ఇది పక్కన కూర్చుంటే వచ్చే జబ్బు కాదు, దానికీ చికిత్స ఉంది.

పిల్లలున్నవాళ్ళు టీకా గురించి డాక్టర్‌ని తప్పకుండా అడగండి. టైఫాయిడ్ ఎక్కువగా ఉండే దేశాల్లో కాంజుగేట్ టీకా (క్రిమి పై పొరలోని పదార్థాన్ని ఒక ప్రోటీన్‌కి జతచేసి తయారుచేసేది) వాడమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో చెప్పింది, ఆరు నెలలు నిండితే చాలు, ఒక్క డోసు. టీకా ఉంది కదా అని పైపుల్ని వదిలేస్తే మాత్రం కుదరదు, అదే మురుగునీళ్ళలో కలరా ఉంటుంది, కామెర్లు తెచ్చే వైరస్‌లు ఉంటాయి.

ఇప్పుడు వీధిలో కొందరం కలిసి ఒకటే అడుగుతున్నాం, లైన్ చివరి ఇంట్లో క్లోరిన్ రీడింగ్ వారం వారం తీసి అందరికీ కనపడేలా రాసిపెట్టమని. చూస్తాం అన్నారు, ఇంకా మొదలుపెట్టలేదు, మేము అడగడం ఆపట్లేదు.