స్టూడెంట్ ఎయిడ్ సర్వేకి కాలేజీ తరఫున డేటా పంపడం: నా అనుభవం

నిన్న సాయంత్రమే ఆఖరి ఫైల్ వెళ్ళింది. కోపం ఇంకా చల్లారలేదు. చల్లారాక రాస్తే సగం విషయాలు మర్యాదకి వదిలేస్తాను, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

అమెరికాలో నేషనల్ పోస్ట్‌సెకండరీ స్టూడెంట్ ఎయిడ్ స్టడీ అని ఒకటుంది, ఈ పనిలో ఉన్నవాళ్ళు నిప్సాస్ అంటారు. 1986-87లో మొదలైంది, ఎడ్యుకేషన్ డిపార్ట్‌మెంట్‌లో చదువుల లెక్కలు సేకరించే విభాగం ఎన్‌సీఈఎస్ చేయిస్తుంది. పిల్లలు కాలేజీ చదువుకి డబ్బు ఎక్కణ్ణుంచి తెస్తున్నారు, అదీ వాళ్ళకి కావాల్సింది. ముందు కాలేజీల్ని శాంపిల్ తీస్తారు, ఆ కాలేజీల దగ్గర స్టూడెంట్ల లిస్టు తీసుకుని అందులోంచి మళ్ళీ కొందర్ని ఎంచుతారు, వాళ్ళ రికార్డులు కాలేజీ ఇవ్వాలి, ఆ పిల్లలకి విడిగా సర్వే కూడా వెళ్తుంది. మా కాలేజీ శాంపిల్‌లో పడింది, కోఆర్డినేటర్ పని నా మీద పడింది.

రిజిస్ట్రేషన్ చిటికెలో అయిపోయింది. లిస్టు కూడా పెద్ద కష్టం కాదు, జులై 1 నుంచి ఏప్రిల్ 30 లోపల ఎప్పుడు ఎన్‌రోల్ అయినా పేరు ఉండాలి, మధ్యలో మానేసినా సరే. హైస్కూల్లో చదువుతూ మన దగ్గర ఒకటో రెండో కోర్సులు తీసుకునే పిల్లల్ని మాత్రం తీసెయ్యాలి. రిజిస్ట్రార్ ఆఫీసులో ఒక తెలుగమ్మాయి ఉంది, "అన్నా, అందరూ సమ్మర్ టర్మ్ మర్చిపోతారు, అది నేను కలిపిస్తా ఉండండి" అని తనే కలిపి ఇచ్చింది. డేటాబేస్‌లోంచి లిస్టు తీసే మిగతా క్వెరీ అంతా నేనే రాశాను, ఒక్క డూప్లికేట్ లేకుండా మొదటిసారే చెక్ పాసైంది. గర్వంగానే చెప్తున్నా, ఎందుకంటే తర్వాత జరిగినదాన్ని బట్టి చూస్తే నాకు పని రాదనుకుంటారు.

అసలు కథ స్టూడెంట్ రికార్డుల దగ్గర మొదలైంది. ఎంచిన ప్రతి స్టూడెంట్‌కీ ఎన్‌రోల్‌మెంట్ వివరాలు, బడ్జెట్, అంటే ట్యూషన్, పుస్తకాలు, ఉండటానికి తినటానికి అయ్యే ఖర్చు, ఆ పైన వచ్చిన ఎయిడ్, అంటే గ్రాంట్లు, స్కాలర్‌షిప్‌లు, లోన్లు, అంతా నింపాలి. శాంపిల్ తెరిచి చూస్తే అందులో చాలామందికి మా ఎయిడ్ ఆఫీసులో ఫైలే లేదు. ఫాఫ్సా, అంటే ఫెడరల్ ఎయిడ్ కోసం పెట్టుకునే దరఖాస్తు, వెయ్యనివాళ్ళు, ఎఫ్-1 స్టూడెంట్ వీసా మీద వచ్చినవాళ్ళు, సాయంత్రం క్లాసులకి వచ్చే ఉద్యోగస్తులు.

అందరు ఆఫీసులవాళ్ళూ కూర్చున్న మీటింగులో వీళ్ళ వివరాలు అడిగాను. ఎయిడ్ ఆఫీసు పెద్దాయన కుర్చీలో వెనక్కి వాలి, "ఎయిడ్ తీసుకోనివాళ్ళ గురించి ఎయిడ్ సర్వేకి ఎందుకు, వాళ్ళు మా స్టూడెంట్లు కాదు" అన్నాడు. శాంపిల్ అంటే అందరూ ఉండాలండీ అని చెప్పబోతుంటే మధ్యలోనే ఆపి, "సోషల్ సెక్యూరిటీ నంబర్లు బయటికి పంపుతున్నావు, ఫెర్పా అనే చట్టం ఉందని తెలుసా? మీ దేశంలో ప్రైవసీ పట్టదేమో, ఇక్కడ పడుతుంది" అన్నాడు. అందరి ముందూ. తల కొట్టేసినట్టయింది. ఒక్కళ్ళు కూడా నోరు విప్పలేదు. మా డైరెక్టర్ లాప్‌టాప్‌లోకి చూస్తూ ఉండిపోయాడు, అది ఇంకా ఎక్కువ మండింది నాకు.

ఆ రాత్రి కూర్చుని ఫెర్పా, అంటే స్టూడెంట్ల రికార్డుల గోప్యత చట్టం, దాని రూల్స్ వరసగా చదివాను. సెక్షన్ 99.31లోనూ 99.35లోనూ స్పష్టంగా ఉంది, ఫెడరల్ ఎడ్యుకేషన్ ప్రోగ్రాముల్ని ఎవాల్యుయేట్ చేసే పనికైతే ఎడ్యుకేషన్ సెక్రటరీ తరఫున వచ్చే ప్రతినిధులకి స్టూడెంట్ అనుమతి లేకుండానే రికార్డులు ఇవ్వచ్చు. ఇచ్చినట్టు మన దగ్గర రాసి పెట్టుకోవాలి, అది 99.32. ఇక డేటా తీసుకునేవాళ్ళ మీద 2002 చట్టం ఉంది, ఒక్క మనిషి వివరం బయటపెట్టినా 5 ఏళ్ళ వరకు జైలు, 2,50,000 డాలర్ల దాకా జరిమానా. ఇదంతా ఒక పేజీలో రాసి కాలేజీ లాయర్‌కి పంపితే "ఇవ్వచ్చు" అని ఒక్క ముక్కలో జవాబిచ్చింది. పెద్దాయన దగ్గర్నుంచి సారీ రాలేదు. రాదు కూడా.

అయినా ఫైళ్ళు లేవు కదా, అందుకని ఫీజులు వసూలు చేసే బర్సర్ ఆఫీసు లెడ్జర్లు తెరిచాను. అక్కడ బయటపడింది అసలు సంగతి. "ఎయిడ్ లేదు" అన్న పిల్లల్లో కొందరికి కంపెనీ నేరుగా ఫీజు కడుతోంది, కొందరికి బయటి ట్రస్టుల స్కాలర్‌షిప్ చెక్కులు మామూలు పేమెంట్ కింద పడి ఉన్నాయి, స్టాఫ్ పిల్లలకి ట్యూషన్ వేవర్, అంటే ఫీజు మాఫీ, గ్రాడ్యుయేట్ అసిస్టెంట్ల వేవర్ అయితే ఇంకో ఆఫీసులో. ఇవేవీ ఫెడరల్ డేటాబేసుల్లో దొరకవు. తక్కువ ఆదాయం ఉన్న పిల్లలకి ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంటూ ఫెడరల్ లోన్లూ వాళ్ళ దగ్గర ఎలాగూ ఉంటాయి, మనం ఇస్తేనే తెలిసేది ఇదే.

లెక్క చూడండి. పెల్ గ్రాంట్ గరిష్ఠంగా 7,395 డాలర్లు, తల్లిదండ్రుల మీద ఆధారపడ్డ ఫస్ట్ ఇయర్ స్టూడెంట్‌కి ఫెడరల్ లోన్ మామూలుగా 5,500 దాటదు. ఫీజు అంతకు మించితే మిగతాది ఎవరు కడుతున్నారు? ఎఫ్-1 మీద వచ్చినవాళ్ళకి ఆ రెండూ కూడా లేవు, ఇంటి దగ్గర పొలం తాకట్టు పెట్టి బ్యాంకు లోన్ తెచ్చుకున్న పిల్లాడు కూడా కాలేజీ లెక్కలో మొత్తం ఫీజు కట్టగలిగిన కలవారి బిడ్డే. ఇలాంటి కుర్రాళ్ళని శాంపిల్ నుంచి తీసేస్తే ఆ సర్వేకి అర్థమే లేదు. అందుకే గొడవపడ్డాను, మళ్ళీ అయినా పడతాను.

మీకు ఈ పని వస్తే మొదటి రోజే కాలేజీ ప్రెసిడెంట్ ఆఫీసు నుంచి లెటర్ రాయించుకోండి, లాయర్‌ని మీటింగుకి ముందే కలవండి, ఎయిడ్ ఆఫీసు కన్నా ముందు బర్సర్ దగ్గరికి వెళ్ళండి, టర్మ్ మొదటి వారంలో మాత్రం వెళ్ళకండి. సోషల్ సెక్యూరిటీ నంబర్లు ఈమెయిల్‌లో పెట్టమని ఎంత పెద్దవాళ్ళు అడిగినా పెట్టకండి, సర్వే సైట్‌లోనే అప్‌లోడ్ చెయ్యండి.

చదువుకుంటున్న పిల్లలకి ఒక మాట. ఈ సర్వే మెయిల్ వస్తే స్కామ్ అని డిలీట్ చేసెయ్యకండి, అనుమానం ఉంటే మీ కాలేజీలో అడిగి కనుక్కోండి. ఇష్టమైతేనే చెయ్యచ్చు, బలవంతం లేదు. ఇంటి నుంచి వచ్చే డబ్బు, మీరు చేసే ఉద్యోగం, ప్రైవేట్ లోన్లు, ఇవి ఎయిడ్ ఆఫీసు చెప్పదు, నాకూ లెడ్జర్లో దొరకలేదు, మీరు నింపితేనే అక్కడికి చేరతాయి.