చేతులు వెనక్కి పెట్టుకున్న రోజు

ఆదివారం, రాత్రి పదిన్నర

చిన్నోడు పడుకున్నాడు. వాడి మంచం పక్కన పీట మీద 14 కాగితం కవర్లు ఆరుతున్నాయి. లేచిపోకుండా వాటి మీద ఇత్తడి చెంబు పెట్టి ఉంది. ఆ చెంబు పెట్టింది నేను కాదు. అందుకే రాయాలనిపించింది. లేకపోతే ఈపాటికి ఎదురింటివాళ్ల జాకెట్లకు హుక్కులు కుట్టుకుంటూ కూచునేదాన్ని.

పొద్దున్నే లేచాం. నవంబరు నెలాఖరు కదా, చలి మొదలైంది. బయటి తిండి వాడికి పడదని సర్వపిండి చేసి డబ్బాలో పెట్టుకున్నా. హనుమకొండలో నక్కలగుట్ట వైపు ఒక హాల్లో వైకల్యం ఉన్న పిల్లల తల్లిదండ్రులకు శిక్షణ ఉందని ఫిజియోథెరపీ మేడమ్ పదిరోజుల కిందనే చెప్పింది. "పిలగాన్ని ఇంట్ల పెట్టి రాకక్కా, తీస్కొనే రా" అని మళ్లీ నిన్న ఫోన్ చేసి మరీ గుర్తుచేసింది. ఆ మాటతోనే సగం భయం పోయింది. ఇన్నేళ్లలో నన్ను రమ్మన్న మీటింగులు చాలానే ఉన్నాయి. వాణ్ని కూడా తీసుకురమ్మన్నవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కాజీపేటలో బస్సెక్కాం. నాకు జీరో టికెట్టు, వాడికి పాసు మీద సగం టికెట్టు. పాసు తీసి చూపించింది నేనే, డబ్బులిచ్చింది నేనే, టికెట్టు మడిచి వాడి జేబులో పెట్టిందీ నేనే. రోజూ చేసేదే కాబట్టి అందులో ఆలోచించాల్సింది ఏముందో అప్పుడు తోచలేదు.

వాడికిప్పుడు 22. మాట తక్కువ, నవ్వు ఎక్కువ. డాక్టర్లు ఇప్పుడు మేధో వైకల్యం అంటున్నారు, మేం మొదట చూపించినప్పుడు వేరే మాట అనేవాళ్లు, బస్తీలో అనే మాటలు నేనిక్కడ రాయను. నాలుగేళ్లప్పుడు సికింద్రాబాద్ మనోవికాస్‌నగర్‌కి తీసుకుపోయాం. మేధో వైకల్యం ఉన్నవాళ్ల కోసం 1984లో పెట్టిన జాతీయ సంస్థ అది, అప్పట్లో అందరం ఎన్‌ఐఎమ్‌హెచ్ అనేవాళ్లం, ఇప్పుడు పేరు ఎన్‌ఐఈపీఐడీ. అక్కడే నాకు మొదటిసారి ఒక మనిషి కూచోబెట్టి, "వీడు నేర్చుకుంటాడమ్మా, నెమ్మదిగా నేర్చుకుంటాడు" అని చెప్పింది. ఆ మాట పట్టుకునే ఇన్నాళ్లూ నడిచాం.

తరవాత స్పెషల్ స్కూలు. అక్కడ వాడు రంగులు గుర్తుపట్టాడు, బొత్తాలు పెట్టుకోవడం నేర్చాడు, వరసలో నిలబడడం నేర్చాడు. 18 నిండగానే ఒక ఫోటో, ఒక మిఠాయి డబ్బా ఇచ్చి పంపించారు. తప్పు వాళ్లదని అనను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉచిత చదువు హక్కు 6 ఏళ్ల నుంచి 18 ఏళ్ల వరకే ఉంది. కానీ మర్నాడు పొద్దున ఎనిమిదింటికి వాడు సంచీ తగిలించుకుని గేటు దగ్గర నిలబడ్డాడు. ఆ మర్నాడూ నిలబడ్డాడు. అట్లా నెల రోజులు. బండి ఇక రాదని ఎట్లా చెప్పాలో నాకు తెలియలేదు. నాలుగేళ్లు ఇంట్లోనే గడిచిపోయాయి. స్కూల్లో నేర్చినవాటిలో సగం పోయాయి. ఎందుకు పోయాయో ఇవాళ తెలిసింది.

హాల్లో ముప్పై కుటుంబాలకు తక్కువ లేరు. పరకాల నుంచి, నర్సంపేట నుంచి, జనగామ నుంచి వచ్చారు. ములుగు అవతలి నుంచి ఒక తల్లి తెల్లారగట్ల నాలుగింటికి లేచి, రెండు బస్సులు మారి, పదహారేళ్ల బిడ్డను వీపున మోసుకుని వచ్చింది. హాలు గుమ్మానికి మూడు మెట్లున్నాయి, ర్యాంపు లేదు. చక్రాల కుర్చీలో ఉన్నవాళ్లను నలుగురు కలిసి ఎత్తి లోపల పెట్టారు. ఎత్తుతున్నప్పుడు ఒక అబ్బాయి కళ్లు గట్టిగా మూసుకున్నాడు. హాలు పెట్టినవాళ్లకు ఆ మాట చెప్పాను, వాళ్లు రాసుకున్నారు. అడుగు ఎత్తు ఎక్కాలంటే పన్నెండు అడుగుల వాలు కావాలి. మూడు మెట్లకు ఎంత కావాలో లెక్కకట్టి చేయిస్తే ఒక్కసారి ఖర్చు.

నేర్పే టీచరమ్మ పెద్దావిడ, కళ్లజోడు, నూలు చీర. ఉపన్యాసమేమీ ఇవ్వలేదు. మధ్యలో బల్లలు వేయించి, పిల్లల్ని కూచోబెట్టి, ప్రతి బిడ్డ వెనక తల్లినో తండ్రినో నిలబెట్టింది. "ఇగ అందరు చేతులు ఎనక్కి పెట్టుకోండ్రి" అంది. ఏదో ఆటేమో అనుకున్నాం. "నేను చెప్పేదాంక ముందుకు తేవద్దు."

బల్ల మీద మెడికల్ షాపువాళ్లు మందులేసిచ్చే చిన్న కవర్ల సరంజామా ఉంది. కాగితాలు కత్తిరించి పెట్టారు. మైదా ఉడికించి, పురుగు పట్టకుండా చిటికెడు మైలుతుత్తం కలిపిన జిగురు గిన్నెలో ఉంది. కవరు సైజుకు కోసిన అట్టముక్క ఒకటి. కాగితం మధ్యలో అట్ట పెట్టాలి, ఎడమ అంచు దాని మీదికి మడవాలి, కుడి అంచు దాని మీదికి మడిచి జిగురు రాసి అంటించాలి, అట్ట బయటికి లాగాలి, అడుగు మడవాలి, అక్కడా జిగురు రాసి అదమాలి, పక్కన దొంతరలో పెట్టి బరువు పెట్టాలి. మనకు ఒక్క పనిలా కనపడేది విప్పి చూస్తే ఎనిమిది పనులు.

నేనైతే మొదటి మడత నుంచి నేర్పేదాన్ని. ఎన్నిసార్లు నేర్పానో. మొదటి మడత వంకర పోయేది, నేను సరిచేసేదాన్ని, రెండోదానికి వాడు విసుక్కునేవాడు, మిగతాది నేనే ముగించేదాన్ని. టీచరమ్మ తిరగేసి చెప్పింది. ఏడు పనులూ మీరు చేయండి, ఆఖరిదొక్కటి వాడికి వదలండి. బరువు పెట్టడం వాడి పని. అది వచ్చాక ఆఖరి రెండు వదలండి. తరవాత మూడు. ఇట్లా వెనక నుంచి ముందుకు రండి. అప్పుడు వాడు చెయ్యి పెట్టిన ప్రతిసారీ పని పూర్తవుతుంది. పూర్తయిన వస్తువు వాడి చేతిలో ఉంటుంది.

ఎంత చిన్న మాట! 22 ఏళ్లుగా నా కొడుకు దేన్నైనా పూర్తిచేసి చేతిలో పట్టుకుని చూసుకున్నాడా అని ఆలోచిస్తే గొంతు పట్టేసింది. మొదలు వాడిది, ముగింపు ఎప్పుడూ నాది.

టీచరమ్మ ఏడు పనులూ చేసి కవరు వాడి ముందు పెట్టింది. దొంతర చూపించింది, నీళ్లు నింపిన సీసా చూపించింది, అంతే. మాట్లాడలేదు. వాడు నన్ను చూశాడు. నా చేతులు వెనక ఉన్నాయి. మళ్లీ చూశాడు. పక్కన జనగామ అక్క కొంగు పళ్లతో బిగబట్టి తన బిడ్డను చూస్తోంది. ఎంతసేపయిందో తెలీదు, నాకైతే పొయ్యి మీద పాలు పొంగే ముందు నిలబడ్డట్టే ఉంది. చివరికి వాడు కవరు తీసి దొంతర మీద పెట్టి, సీసా ఎత్తి, దాని మీద దించాడు. దించి, అరచేత్తో సీసా మూత మీద రెండుసార్లు తట్టాడు. వాళ్ల నాన్న ట్రాలీ ఆటోకి లోడెక్కించాక అట్లాగే తడతాడు. అది వీడు ఎప్పుడు చూశాడో, ఎప్పుడు దాచుకున్నాడో.

మధ్యాహ్నానికి అడుగు మడవడం దాకా వచ్చాడు. నాలుగోసారి నేను చెయ్యి ముందుకు తేబోతే "నేన్ జేస్త" అన్నాడు. ఆ రెండు మాటలు వాడి నోట వినక చాలా కాలమైంది.

భోజనాలయ్యాక మగవాళ్లనూ మగపిల్లల్నూ ఇంకో గదిలోకి పంపి ఆడపిల్లల తల్లులతో నెలసరి గురించి మాట్లాడారు. నాకు వీడొక్కడే అయినా కూచున్నా. క్యాలెండరు మీద ఎర్ర బొట్టు పెట్టించడం, ప్యాడు లోదుస్తుకు అంటించడం మామూలు రోజుల్లోనే అలవాటు చేయించడం, ఆ రోజు వచ్చాక మొదలుపెడితే పిల్ల బెదిరిపోతుందని వివరంగా చెప్పారు. ములుగు తల్లి అప్పుడు నోరు విప్పింది. నెలకు నాలుగు రోజులు బిడ్డను గదిలో పెట్టి తలుపేసి కూలికి పోతానంది. ఏడవలేదు, సంజాయిషీ కూడా చెప్పుకోలేదు. ఎవరూ తప్పుపట్టలేదు. పక్కనున్నావిడ ఆమె చెయ్యి పట్టుకుంది.

తరవాత ఒక వకీలమ్మ కాయితాల సంగతి చెప్పింది. బిడ్డకు 18 నిండితే కన్నతల్లికైనా చట్టప్రకారం సంరక్షకురాలన్న పత్రం కావాలి. 1999 నేషనల్ ట్రస్ట్ చట్టం కింద జిల్లాలో ఒక కమిటీ ఉంటుంది, కలెక్టరు దానికి పెద్ద, ఒక స్వచ్ఛంద సంస్థ నుంచి ఒకరు, వికలాంగుల్లోంచి ఒకరు అందులో ఉంటారు, వాళ్లకు దరఖాస్తు పెట్టుకోవాలి. కిందటేడు ఒక బ్యాంకులో వాడి ఖాతా గురించి నన్ను మూడుసార్లు తిప్పారు. "నువ్వు తల్లివని తెలుసమ్మా, కాయితం కావాలె" అన్నారే తప్ప ఏ కాయితమో, ఎక్కడిస్తారో ఒక్కరూ చెప్పలేదు. నెల పింఛను 4,016 రూపాయలు వాడి పేరున వస్తుంది, దాని మీద వాడి మందులు నడుస్తాయి. ఇవాళ చెప్పిన ఆ నాలుగు ముక్కలు అప్పుడు చెప్పి ఉంటే మూడు రోజుల కుట్టు కూలి మిగిలేది. నిరామయ అని లక్ష రూపాయల దాకా ఆరోగ్య బీమా ఉందన్న సంగతి కూడా నేను వినడం ఇవాళే.

ఉద్యోగాల్లో 4 శాతం రిజర్వేషన్ గురించీ చెప్పింది. చూపు లేనివాళ్లకు ఒకటి, వినపడనివాళ్లకు ఒకటి, కాళ్లూ చేతుల ఇబ్బంది ఉన్నవాళ్లకు ఒకటి, మిగిలిన ఒక్క శాతం ఆటిజం, మేధో వైకల్యం, మానసిక అనారోగ్యం వంటివన్నిటికీ కలిపి. ఉండడం మంచిదే, పోరాడి తెచ్చుకున్నది. కానీ నా కొడుకు పరీక్ష రాయలేడు. వాడికి కావలసింది పొద్దున ఎనిమిదింటికి సంచీ తగిలించుకుని పోవడానికి ఒక చోటు, సాయంత్రం దాకా పక్కన నలుగురు మనుషులు, చేతిలో ఒక పని.

పరకాల నుంచి వచ్చిన పెద్దాయనకు డెబ్బై దాటాయి. కూతురికి నలభై. ఆయన లేచి, "నేను పోయినంక?" అని అడిగి కూచున్నాడు. ఇంకేమీ అనలేదు. అక్కడున్న ప్రతివాళ్లం రోజూ రాత్రి అడుగుకునే ప్రశ్నే అది. వకీలమ్మ తొందరపడి ఓదార్చలేదు, అది నాకు నచ్చింది. కాసేపాగి, సంరక్షకుడిగా తోబుట్టువు పేరు ఎట్లా పెట్టొచ్చో చెప్పింది. టీచరమ్మ మాత్రం ఆ కూతురి దగ్గరికి పోయి, "నీ అన్నం నువ్వే పెట్టుకుంటవా బిడ్డా?" అని అడిగింది. పెద్దాయనే జవాబిచ్చాడు, "నేనే తినిపిస్త." టీచరమ్మ ఆయన వైపు చూసి రెండు చేతులూ మెల్లగా వెనక్కి పెట్టుకుంది. ఆయన అర్థమైనట్టు తల ఊపాడు.

డిసెంబరు 3, వికలాంగుల దినోత్సవం వస్తోంది కాబట్టి ఆటల పోటీల మాట వచ్చింది. దీప్తి జీవాంజి పేరు చెప్పగానే హాలంతా కదిలింది. మా వరంగల్ జిల్లా కల్లెడ పిల్ల, కూలి చేసుకునే అమ్మానాన్నల బిడ్డ, 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లు 55.82 సెకన్లలో పరుగెత్తి కాంస్యం తెచ్చింది. అదే ఏడాది మే నెలలో జపాన్‌లోని కోబేలో జరిగిన ప్రపంచ పారా అథ్లెటిక్స్ పోటీల్లో 55.07తో ప్రపంచ రికార్డుతో బంగారం గెలిచింది. ఆమె పరుగెత్తేది టీ20 విభాగం, అంటే మేధో వైకల్యం ఉన్నవాళ్లది, మా పిల్లల విభాగమే. చిన్నప్పుడు ఆ పిల్లను ఊళ్లో ఏమేమి అన్నారో పేపర్లలో చదివినప్పుడు నేను పేపరు మడిచి పక్కన పెట్టేశా, మిగతాది చదవలేకపోయా. వీణ్నీ అవే మాటలన్నారు.

వీడు పరుగెత్తలేడు, పోయినేడు పోటీల్లో సగం దూరం నడిచి, ఆగి, గ్యాలరీలో వాళ్లకు చెయ్యి ఊపాడు. అయినా ఈసారీ తీసుకుపోతా. శాలువాలు, భోజనం పొట్లాలు, ఫోటోలు, అవి నాకు చేదు కాదు. ఆ ఒక్క రోజు వీడు జనంలో ఉంటాడు, జనం వీణ్ని చూస్తారు. కానీ డిసెంబరు 4న ఏముంది? అది అడగకుండా ఉండలేను. ఇవాళ్టి శిక్షణ కూడా ఏడాదికోసారి పెట్టి వదిలేస్తే, స్కూల్లో నేర్చినవి పోయినట్టే ఇదీ పోతుంది. మా పిల్లలకు నేర్పింది రోజూ చేయకపోతే నిలవదు. ఇదే మాట లేచి నిలబడి చెప్పాను. కాళ్లు వణికాయి గానీ చెప్పాను. నెలకు రెండు ఆదివారాలు ఆ హాలు ఉచితంగా ఇస్తామని దాని యజమాని ఒప్పుకున్నాడట, మిగతా రోజులు ఎవరిళ్లలో వాళ్లం చేయించి, చేసినవి అక్కడికి తేవాలని అనుకున్నాం. అది చాలదు. అయినా మొదలు.

తిరుగు బస్సులో పాసు వాడి చేతికిచ్చి నేను కిటికీ వైపు జరిగా. కండక్టరమ్మ నన్ను చూసింది, నేను వాణ్ని చూపించా. వాడు పాసు తలకిందులుగా పట్టుకుని ముందుకు చాపాడు. వెనక ఒకాయన "తొందరగా కానీయమ్మా" అన్నాడు. ఆమె ఆయనకు జవాబివ్వకుండా పాసు తిప్పి చూసి, టికెట్టు చించి వాడి చేతిలోనే పెట్టింది. దిగేదాకా ఆ కాగితం ముక్క పిడికిలిలోంచి వదల్లేదు, చెమటకు అచ్చంతా చెరిగిపోయింది.

ఇంటికొచ్చి మిగిలిన మైదా ఉడికించా. నేను అట్ట పెట్టి మడిచి ఇస్తుంటే వాడు అడుగు మడిచి అదిమాడు. వాళ్ల నాన్న గుమ్మంలో నిలబడి చూశాడు, కాళ్లు కడుక్కోవడం కూడా మర్చిపోయి. సీసా కోసం వాడు అటూ ఇటూ వెతికాడు. నేను చెప్పలేదు, నోరు కూడా వెనక్కి పెట్టుకున్నా. లోపలికి పోయి, దేవుడి దగ్గర నీళ్లతో ఉన్న ఇత్తడి చెంబు తెచ్చి కవర్ల మీద పెట్టి, రెండుసార్లు తట్టాడు.

ఇప్పుడు లెక్కపెట్టి చూస్తే మూడింటికి జిగురెక్కువై మూతి కూడా అతుక్కుంది. గోరుతో విడదీద్దామని చెయ్యి దానంతటదే పోయింది. వెనక్కి తీసుకున్నా. పొద్దున లేచాక వాడికే చూపిస్తా. మైదా అయిపోయింది, అరకిలో తేవాలి, మెడికల్ షాపాయన్ను కూడా అడగాలి.