అమ్మ రిపోర్టులు ల్యాప్‌టాప్ దాటకుండానే

అమ్మ కిడ్నీ రిపోర్టులు ఇంకో డాక్టరు గారికి చూపిద్దామనుకున్నాం. అపాయింట్‌మెంట్ ఫారంలో ఆరు పేజీలు అప్‌లోడ్ చేయాలి, ఒక్కో ఫైలు 500 కేబీ దాటకూడదు. నేను ఫోన్‌తో తీసిన ఫొటోలు ఒక్కోటి 4 ఎంబీ పైనే ఉన్నాయి.

ఫొటో సైజు తగ్గించే సైటు కోసం వెతగ్గానే పైన కనిపించింది తెరిచి మొదటి పేజీ అందులో పెట్టేశాను. అప్‌లోడ్ గీత మెల్లగా నిండుతుంటే అప్పుడు తట్టింది. ఆ కాగితం మీద అమ్మ పేరు, వయసు, ఫోన్ నంబరు, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ ఎంతో అన్నీ ఉన్నాయి. అవి ఎవరి సర్వర్‌కి పోతున్నట్టు? కొన్ని గంటల తర్వాత ఫైళ్లు తీసేస్తామని కింద చిన్న అక్షరాల్లో రాశారు. తీసేశారో లేదో మనం వెళ్లి చూడగలమా? గబుక్కున ట్యాబ్ మూసేశాను. ఆ ఒక్క పేజీ అప్పటికే వెళ్లిపోయిందేమోనన్న బాధ మాత్రం ఇంకా ఉంది.

తమ్ముడికి ఫోన్ చేస్తే, "అక్కా, ఫొటో బయటికి పంపకుండా బ్రౌజర్‌లోనే తగ్గించేవి ఉన్నాయి. స్క్వూష్ చూడు" అన్నాడు. గూగుల్ క్రోమ్ ల్యాబ్స్ వాళ్లు 2018లో తెచ్చిన ఓపెన్ సోర్స్ పరికరం అది. వెబ్‌అసెంబ్లీ అనే టెక్నాలజీ వచ్చాక, సీ లాంటి ప్రోగ్రామింగ్ భాషల్లో రాసిన కంప్రెషన్ ప్రోగ్రాములు బ్రౌజర్ లోపలే, మన మెషీన్ మీదే నడుస్తున్నాయట. ఫొటో ఎక్కడికీ వెళ్లాల్సిన అవసరమే లేదు.

"ఎలా నమ్మేదిరా?" అన్నాను.

"పేజీ తెరిచాక నెట్ ఆపేసి చూడు. అప్పుడూ పనిచేస్తే నీ దగ్గరే జరుగుతున్నట్టు."

రిపోర్టులు ముట్టుకోకుండా ముందు ఒక పువ్వు ఫొటోతో చూశాను. ఎఫ్12 నొక్కి డెవలపర్ టూల్స్‌లో, పేజీ నుంచి ఏమేం బయటికి పోతున్నాయో చూపించే నెట్‌వర్క్ ట్యాబ్ తెరిచి ఫొటో వేస్తే, అంత సైజున్న ఫైలేదీ బయటికి వెళ్లలేదు. తర్వాత వైఫై ఆపేశాను. అయినా ఫొటో తగ్గింది. ముందు సైజు, తర్వాత సైజు లాంటి అంకెలు మాత్రం వాడకం లెక్కలు చూసే గూగుల్ అనలిటిక్స్‌కి వెళ్తాయని స్క్వూష్ వాళ్లే చెప్పారు. దానికి నాకు అభ్యంతరం లేదు. రిపోర్టుల పని మాత్రం వైఫై ఆపే ఉంచి చేశాను.

అసలు తంటా ఇక్కడ మొదలైంది. సైజు తగ్గాలని క్వాలిటీ స్లైడర్‌ని 10 దాకా లాగేశాను. ఫైలు చిన్నదైంది. తెర మధ్యలో ఒక గీత ఉంటుంది, దానికి ఎడమన అసలు ఫొటో, కుడిన తగ్గించింది. పెద్దది చేసి ఆ గీతని క్రియాటినిన్ వరుస మీదికి జరిపాను. ఎడమన 1.8. కుడిన 1 పక్కన మసక మరక, తర్వాత 8. మధ్యలో చుక్క లేదు! అసలే ఇంకు పలచగా పడిన ప్రింటు. ఫొటోలు సాధారణంగా సేవ్ అయ్యే జేపెగ్ పద్ధతి బొమ్మని 8×8 పిక్సెల్స్ గళ్లుగా విడగొట్టి, ప్రతి గడిలోనూ సన్నని వివరాలని ముందుగా వదిలేస్తుంది. పువ్వు రేకు మీద అది కంటికి ఆనదు, చిన్న చుక్కకి మాత్రం అదే ప్రాణం తీస్తుంది. డాక్టరు గారు ఆ కాగితం చూసి ఏమనుకునేవారో తలచుకుంటే గుండె జల్లుమంది.

నేను తప్పు చోట తగ్గిస్తున్నానని అప్పుడు తెలిసింది. ఫొటో 4000×3000, అంటే కోటీ ఇరవై లక్షల పిక్సెల్స్. ఒక పేజీ చదవడానికి అన్ని ఎందుకు? రీసైజ్‌లో వెడల్పు 1600కి తెచ్చాను. పిక్సెల్స్ ఆరో వంతుకి దిగాయి. అప్పుడు క్వాలిటీ 75 దగ్గర పెట్టినా ఫైలు 340 కేబీయే వచ్చింది, చుక్క చుక్కలాగే ఉంది. ప్రతిసారీ అసలు ఫొటో నుంచే మొదలుపెట్టాను. ఒకసారి తగ్గించిన జేపెగ్‌ని మళ్లీ తగ్గిస్తే పోయిన వివరాలు తిరిగి రావు, ఉన్నవి ఇంకొన్ని పోతాయి.

ఇంకో మేలు తర్వాత గమనించాను. ఫోన్ ఫొటోలో మా ఇంటి లొకేషన్ కూడా దాగి ఉంది. తగ్గించిన ఫైలు వివరాల్లో అది లేదు.

ఒక్కో పేజీ విడిగా చేయాలి కాబట్టి ఆరింటికీ అరగంట పట్టింది. చివర్లో అమ్మని పక్కన కూర్చోబెట్టుకున్నాను. తను కాగితం చూసి ఒక్కో అంకె పైకి చదువుతుంటే నేను తెర మీద సరిచూసుకున్నాను. ఆరో పేజీ అయ్యాక ట్యాబ్ మూసి, వైఫై ఆన్ చేసి, ఫారం తెరిచాను.