టీబీ మాత్రలకు నాకు కామెర్లు వచ్చాయి

ఊపిరితిత్తుల టీబీ అని తేలేనాటికి నా బరువు 44 కిలోలు. ఆ బరువుకు రోజూ పరగడుపున మూడు మాత్రలు. ఒక్కో మాత్రలో నాలుగు మందులు కలిసి ఉంటాయి. మూత్రం నారింజ రంగులో వస్తుందని, అది వాటిలోని రిఫాంపిసిన్ అనే మందు వల్లేనని, కంగారుపడొద్దని మా ఆశా కార్యకర్త ముందే చెప్పింది. అందుకే మొదట్లో భయపడలేదు. తర్వాత భయపడాల్సినప్పుడూ భయపడలేదు.

మూడో వారంలో అన్నం ఉడికే వాసనకే కడుపులో తిప్పడం మొదలైంది. రోజూ వాంతులు. "మందుల వేడమ్మా, మజ్జిగ తాగు" అనేవారు అత్తయ్య. నేనూ అదే అనుకున్నాను. మూత్రం ముదురు టీ రంగుకు మారినా మాత్రల రంగేలే అని వదిలేశాను. ఎనిమిది రోజులు అలాగే మింగాను. ఒక పొద్దున జడ వేస్తుంటే మా పాప వెనక్కి తిరిగి, "అమ్మా, నీ కళ్లేంటి పచ్చగా ఉన్నాయి?" అంది.

ఇంట్లో వెంటనే పసరు మాట వచ్చింది. అత్తయ్య వాళ్ల ఊళ్లో కామెర్లకు పసరు పోసేవాళ్లున్నారు. ఆవిడ ప్రేమతోనే అన్నారు. కానీ మా ఆయన ఒప్పుకోలేదు, నన్ను నేరుగా ఆస్పత్రికి తీసుకెళ్లారు. రక్తపరీక్షలో కామెర్లను చూపే బిలిరుబిన్ 4.6, లివర్ దెబ్బను చూపే ఎస్‌జీపీటీ 400 దాటింది. రెండూ చాలా ఎక్కువే. మాత్రలన్నీ ఆ రోజే ఆపించారు. "వాంతులు మొదలైనప్పుడే రావాలి కదమ్మా" అన్నారు డాక్టరుగారు. మందులు ఇచ్చిన రోజు ఈ ఒక్క మాట నాకెవరూ చెప్పలేదు. ఆ బాధ ఇప్పటికీ పోలేదు.

మందు లేని ఆ రోజుల టెన్షన్ కామెర్లకన్నా ఎక్కువ. దగ్గు వచ్చినప్పుడల్లా లోపల జబ్బు మళ్లీ పెరుగుతోందేమో అనిపించేది. రాత్రిళ్లు పాపకు దూరంగా వసారాలో పడుకునేదాన్ని.

లివర్ టెస్టులు దిగాక ఒక్కో మందే తిరిగి మొదలుపెట్టారు. ముందు రిఫాంపిసిన్, ఇథాంబుటాల్. కొన్ని రోజులాగి రక్తపరీక్ష. తర్వాత ఐసోనియాజిడ్, మళ్లీ పరీక్ష. పైరజినమైడ్ మాత్రం ఇక ఇవ్వలేదు. అందుకే ఆరు నెలల కోర్సు తొమ్మిది నెలలైంది. ఐసోనియాజిడ్‌తో అరికాళ్లు తిమ్మిరెక్కకుండా బీ6 మాత్ర ఇచ్చారు. ఇథాంబుటాల్ కంటిచూపు మీద పనిచేయొచ్చని, ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియకపోతే వెంటనే రమ్మన్నారు. నేను జాకెట్లు కుడతాను. ఆ మందు వాడినన్నాళ్లూ మిషన్ ముందు కూర్చోగానే మొదట ఆ రెండు దారపు రీళ్లూ పక్కపక్కన పెట్టి చూసుకునేదాన్ని.

ఆకలి మాత్రం నెమ్మదిగా వచ్చింది. ముందు చారన్నం, తర్వాత గుడ్డు. టీబీ ఉన్నవాళ్ల తిండికి ప్రభుత్వం ఇచ్చే నిక్షయ్ పోషణ్ కింద నెలకు 1000 రూపాయల లెక్కన బ్యాంకులో పడేవి, అవి గుడ్లకూ పాలకూ సరిపోయేవి. కోర్సు అయ్యేసరికి 51 కిలోలు ఉన్నాను. చివరి తెమడ పరీక్షలో టీబీ లేదని వచ్చింది.

మా వీధి చివర ఒక కుర్రాడికి పోయిన నెల ఇవే మాత్రలు మొదలుపెట్టారు. వాళ్లమ్మ కనిపించినప్పుడల్లా అడుగుతున్నాను, వాడు అన్నం తింటున్నాడా అని.