అమెరికా బేస్‌మెంట్‌లో నలుపు-తెలుపు ఇంకు

ఊళ్లో గోడకు వేలాడే తాతల ఫొటోను స్కాన్ చేయించి తెప్పించుకుని, ఇక్కడ మామూలు రంగు ఇంకులతో ప్రింట్ తీస్తే, బూడిద రంగు ఒక దీపం కింద పచ్చగా, ఇంకో దీపం కింద గులాబీగా కనిపిస్తుంది. కార్బన్ పిగ్మెంట్ (కార్బన్ పొడితో చేసిన నల్ల రంగు) ఒక్కదాన్నే వేర్వేరు చిక్కదనాల్లో పలుచన చేసి ప్రింటర్‌లోని అన్ని ఇంకు గదుల్లోనూ నింపితే ఆ బాధ ఉండదు, త్వరగా వెలిసిపోదు కూడా.

వాడేది ఎప్సన్ ప్రింటరే అయి ఉండాలి. కాగితం మీద ఇంకు చిమ్మే దాని హెడ్ ఇంకును వేడి చేయదు, నలుపు-తెలుపు ప్రింట్ల కోసం చేసిన క్వాడ్‌టోన్ రిప్ సాఫ్ట్‌వేర్‌లో ఒక్కో గదిని విడిగా నడపవచ్చు. పాత స్టైలస్ ఫొటో 1400 లాంటి ఆరు గదుల యంత్రానికి 100, 30, 18, 9, 6, 2 శాతం చిక్కదనాలు సరిపోతాయి. 18 శాతం అంటే 18 మి.లీ. మ్యాట్ బ్లాక్ (కార్బన్ నల్ల ఇంకు), 82 మి.లీ. బేస్ (ఇంకును పలుచన చేసే రంగులేని ద్రవం). నల్ల ఇంకు సీసా కొంటే దొరుకుతుంది. అసలు పనంతా బేస్‌లోనే ఉంది.

100 మి.లీ. బేస్‌కు 15 మి.లీ. గ్లిజరిన్, 2 మి.లీ. కొడాక్ ఫొటో-ఫ్లో 200 (ఫిల్మ్ కడిగేటప్పుడు నీళ్లు సాఫీగా జారడానికి వాడే ద్రవం), మిగతాది డిస్టిల్డ్ వాటర్‌తో మొదలుపెట్టండి. గ్లిజరిన్ ఫార్మసీలో, నీళ్లు గ్రోసరీలో గ్యాలన్ డబ్బాల్లో దొరుకుతాయి. కుళాయి నీళ్లు వద్దు, వాటిలోని ఖనిజాలు నాజిళ్లలో (హెడ్‌లోని సన్నని రంధ్రాల్లో) పేరుకుంటాయి. గ్లిజరిన్ సిరంజికి అంటుకుపోతుంది కాబట్టి తూచి పోయడం మేలు: 15 మి.లీ. అంటే సుమారు 19 గ్రాములు. అది ఎక్కువైతే ప్రింట్ ఆరదు, తక్కువైతే హెడ్ ఎండిపోతుంది. ఫొటో-ఫ్లో తక్కువైతే ఇంకు సాఫీగా పారక ప్రింట్ మధ్యలో చారలు పడతాయి. ఎక్కువైతే కాగితం మీద అంచులు పాకుతాయి.

కలిపేటప్పుడు సీసాను గట్టిగా ఊపవద్దు. బుడగలు హెడ్‌లోకి వెళ్తే నాజిళ్లు ఆగిపోతాయి. నెమ్మదిగా తిప్పి, ఒక రాత్రి వదిలేసి, మర్నాడు రీఫిల్ కార్ట్రిడ్జ్‌లలో నింపండి. లేత చిక్కదనాల్లో కార్బన్ అడుగుకు దిగుతుంది. వారాలు గడిచేకొద్దీ లేత ఛాయలు ఇంకా లేతబడుతుంటే కారణం అదే. కార్ట్రిడ్జ్ తీసి మెల్లగా అటూ ఇటూ వంచితే చాలు.

కాగితం మ్యాట్ కాటన్ రాగ్ (పత్తితో చేసిన, మెరుపు లేని కాగితం) అయితేనే ఈ ఇంకు బాగుంటుంది. గ్లాసీ మీద వేలు తగిలితే చెరిగిపోతుంది. కార్బన్ సహజంగా కాస్త గోధుమ ఛాయలో ఉంటుంది, పలుచన చేసేకొద్దీ ఆ ఛాయ ఇంకా తెలుస్తుంది. నీలం పిగ్మెంట్ చుక్కలతో దాన్ని తటస్థం చేయవచ్చు. కానీ ఆ రంగు కార్బన్ అంత కాలం నిలవదు. పాత కుటుంబ ఫొటోలకు గోధుమ ఛాయే నిండుగా ఉంటుంది, దాన్ని అలాగే ఉంచమని మా సలహా. తెలుపు నుంచి నలుపు దాకా 21 మెట్ల చార్ట్ ప్రింట్ చేసి, పూర్తిగా ఆరాకే ఒక్కో మెట్టు నలుపును కొలిచి, సాఫ్ట్‌వేర్‌లో ఏ ఛాయకు ఎంత ఇంకు పడాలో చెప్పే కర్వ్‌ను సరిచేసుకోండి. తడి మీద కొలిస్తే లెక్క తప్పుతుంది.

హెచ్-1బి మీద ఉన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ప్రింట్లు స్నేహితులకు ఉచితంగా ఇవ్వవచ్చు, అమ్మితే అది అనుమతి లేని పని కావచ్చు.

చలికాలంలో హీటర్ నడిచే ఇళ్లలో గాలి తేమ 30 శాతం కన్నా తగ్గుతుంది, హెడ్ ఎండేది అప్పుడే. హ్యుమిడిఫైయర్‌తో 45 శాతం దగ్గర ఉంచి, వారానికోసారి నాజిల్ చెక్ (నాజిళ్లన్నీ పనిచేస్తున్నాయో చూపే ప్రింట్) తీయండి. నెల రోజులు ఇండియా వెళ్తుంటే ఇంకుల బదులు పిగ్మెంట్ కలపని బేస్ నింపిన మరో సెట్ పెట్టి, హెడ్‌లోంచి స్వచ్ఛమైన ద్రవం వచ్చేదాకా క్లీనింగ్ నడపండి. హెడ్ నిలిచే ప్యాడ్ మీద కూడా కొన్ని చుక్కల బేస్ వేయండి.