మధురవాణిని కడపకు తీసుకొచ్చేముందు

గురజాడ నాటకం కన్యాశుల్కం చివర, అందులోని వేశ్య మధురవాణి ఏమైపోయింది? వకీలు సౌజన్యారావు పంతులు ఆమెకు భగవద్గీత ఇచ్చాడు, గిరీశం కథ అడ్డంగా తిరిగింది, తెర పడింది. ఆమె ఆ తర్వాత ఏ ఊరు పోయింది, ఎట్లా బతికింది అనేది గురజాడ చెప్పలేదు. ఇంటర్‌లో చదివినప్పటి నుంచీ నా మనసులో అదే ప్రశ్న. ఇప్పుడు జవాబు నేనే రాస్తున్నాను. ఆమెను కడపకు తీసుకొస్తున్నాను.

దీన్ని ఫ్యాన్ ఫిక్షన్ అంటారని మా అమ్మాయి చెప్పింది. పేరు కొత్తదే గానీ పని కొత్తది కాదు. వ్యాసుడి భారతంలో లేని శశిరేఖకు మనవాళ్ళు పెళ్ళి చేసి ఎన్ని తరాలైంది!

నాది ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టే షాపు. రాత్రి మిషన్ మూసేశాక రాసుకుంటాను. సొంత పాత్రయితే నా ఇష్టమొచ్చినట్టు నడిపించుకుంటాను. మధురవాణి నాది కాదు. నూరేళ్ళకు పైగా తెలుగువాళ్ళంతా ఇష్టపడుతున్న మనిషి. అందుకే ఒక్కో వాక్యం దగ్గర ఆగి, ఇది నిజంగా జరిగే పనేనా అని చూసుకుంటాను.

ముందు ప్రయాణం సంగతి. నాటకం మొదటిసారి 1892లో విజయనగరంలో ఆడారు, అంటే కథ ఆ లోపుదే. అప్పటికి ఆ తీరానికి రైలు లేదు. గోదావరి మీద రైలు వంతెన వచ్చిందే 1900లో. మన వైపు చూస్తే, మద్రాసు నుంచి కడప మీదుగా రాయచూరు పోయే లైను 1871కే పూర్తయింది. వెనకబడిన సీమ అంటారు గానీ, విజయనగరం కంటే ముందు రైలు కూత విన్నది మనమే! నాటకం చివర మధురవాణి ఎటూ విశాఖపట్నంలోనే ఉంది కాబట్టి, అక్కడ స్టీమరు ఎక్కించి మద్రాసులో దించాను. అక్కడి నుంచి రైల్లో అరక్కోణం, రేణిగుంట, కోడూరు, రాజంపేట, నందలూరు, కడప. స్టీమరులో ఆమె రవికకు హుక్కులు పెట్టలేదు, ముందు ముడే వేయించాను. మా నాయనమ్మ కడదాకా కట్టుకున్నదీ ముడి రవికే. ఆ ముడి గాలికి వదులైతే చెయ్యి ఎక్కడికి పోతుందో నాకు బాగా తెలుసు.

మాటల కోసం కడపలో బ్రౌన్ గ్రంథాలయానికి పోతాను. సి.పి.బ్రౌన్ నివాసమున్న చోటే కట్టిన లైబ్రరీ అది. 1850ల్లో అచ్చయిన ఆయన నిఘంటువు తెరిస్తే, ఆ కాలం మనిషి నోట ఏ మాట పలికేదో కొంతైనా తెలుస్తుంది. మధురవాణి నోట్లో టీవీ సీరియల్ మాటలు పడకూడదనేదే నా తాపత్రయం.

ఇంత చాదస్తం ఎందుకంటారా? గురజాడ 1897 నాటి ముందుమాట చూడండి. విజయనగరం మహారాజా వారు విశాఖ జిల్లాలో జరిగిన కన్యాశుల్కం పెళ్ళిళ్ళ, అంటే పిల్ల తండ్రికి డబ్బిచ్చి చేసుకునే పెళ్ళిళ్ళ లెక్క తీయించారు. మూడేళ్ళలో లెక్కకొచ్చినవి 1,034. అందులో ఐదేళ్ళ పిల్లలు 99 మంది, ఏడాది పిల్లలు ముగ్గురు. ఆయన నవ్వించిన ప్రతి సీను వెనకా ఆ అంకెలున్నాయి. ఆయన పాత్రను తీసుకుని నోటికొచ్చింది రాయడానికి నాకు మనసొప్పదు.

ఇంకొకటి, నాకు అన్నిటికంటే ముఖ్యమైనది. మధురవాణి కల్పితమే, ఆమె లాంటి ఆడవాళ్ళు కాదు. వాళ్ళ మనవరాళ్ళు, మునిమనవరాళ్ళు మన మధ్యే ఉన్నారు. గోదావరి వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన ఒక పెద్దావిడకు నా రాతప్రతి చదివి వినిపించాను. వాళ్ళ అమ్మమ్మ మేజువాణీల్లో, అంటే పెళ్ళిళ్ళలో పెట్టించే పాట, ఆట కచేరీల్లో పాడేవారట. కళ్ళు మూసుకుని అంతా విని ఒక్కటే అడిగారు: "ఈ పిల్ల సాధకం ఎప్పుడు చేస్తుందమ్మా? ఎప్పుడు చూసినా మగవాళ్ళతో మాట్లాడుతూనే ఉంది." ఆ రాత్రే మొదటి అధ్యాయానికి కొత్త ఎత్తుగడ రాశాను. తెల్లవారుజామున నాలుగింటికి, ఇంకా ఎవరూ లేవకముందు, మధురవాణి క్షేత్రయ్య పదం ఒకటి పట్టుకుని ఒకే చరణాన్ని పదేపదే పాడుకుంటుంది. ఆ పూట ఆమె ఎవరికీ ఏమీ కాదు. పాటగత్తె, అంతే. వాళ్ళ ఇళ్ళల్లో ఆస్తి ఆడవాళ్ళ చేతుల మీదుగా సాగేదని, కూతుళ్ళను దత్తత చేసుకునేవారని కూడా ఆ పెద్దావిడే చెప్పారు. ఆమె పేరు రాయొద్దన్నారు, రాయను.

చదివినవాళ్ళలో కొందరు "మంచివాడెవరికైనా ఇచ్చి పెళ్ళి చేసెయ్యి" అంటున్నారు. చెయ్యను. ఆడపిల్లలను గుడికి అంకితమిచ్చే దేవదాసీ సమర్పణను నిషేధిస్తూ మద్రాసు రాష్ట్రంలో 1947లో చట్టం వచ్చింది. చాలామంది ఆడపిల్లలు బయటపడ్డారు. అదే ఊపులో పాట, ఆట, సంపాదన పోగొట్టుకున్నవాళ్ళూ ఉన్నారు. రెండూ నిజమే, రెండూ కథలో ఉండాలి. బెంగుళూరు నాగరత్నమ్మ ఆ సమాజంలోంచి వచ్చినావిడే. ముద్దుపళని అనే కవయిత్రి రాసిన శృంగార కావ్యం రాధికా సాంత్వనాన్ని ఆమే 1910లో అచ్చు వేయించారు. అశ్లీలమని ప్రభుత్వం నిషేధించింది. చివరికి ప్రకాశం పంతులు హయాంలో ఆ నిషేధం పోయింది. ఇంత తెగువ ఉన్న ఆడవాళ్ళ గురించి రాస్తూ, ఎవరో వచ్చి ఉద్ధరించాలని నేనెందుకు రాయాలి?

కడప స్టేషన్లో మధురవాణి ఎక్కే జట్కా ఒక సాయబుది. సినిమాల్లో సాయబు అనగానే నత్తిగా, తప్పుల తడక తెలుగు మాట్లాడిస్తారు. మా పక్కింటివాళ్ళు ముస్లింలు, వాళ్ళ తెలుగు అచ్చం నా తెలుగే. కాబట్టి నా జట్కా సాయబు "యాడికి పోవల్లమ్మా? ఒక్కదానివే వొచ్చినావా?" అని మన కడప మాటే మాట్లాడతాడు. మధురవాణికీ యాస దండిగా కూరలేదు. నాటకంలో ఆమెది ఎదుటి మనిషిని బట్టి తూచి వేసే మాట, ఇక్కడా అంతే. ఒకాయన "కడప కదా, ఒక బాంబు సీను పెట్టరాదూ" అన్నాడు. మా జిల్లాను తెర మీద సుమోలు, కొడవళ్ళతోనే చూపిస్తే మా పిల్లలు హైదరాబాదు హాస్టళ్ళలో ఏమేం విన్నారో నాకు తెలుసు. ఇంకొకరి ఊరికి, ఇంకొకరి కులానికి, మతానికి ఆ పని నా చేతి మీదుగా జరగకూడదు.

రెండో అధ్యాయం ఉగాదినాడు దేవుని కడపలో మొదలవుతుంది. వెంకన్న ముస్లిం భార్యగా చెప్పుకునే బీబీ నాంచారమ్మను తమ ఇంటి ఆడపిల్లగా భావించి, ఆ రోజు ముస్లింలు వెంకన్న గుడికి వస్తారు. జట్కా సాయబు భార్య మధురవాణిని కలిసేది అక్కడే. ఇప్పుడు ఆ సీను రాస్తున్నాను. పక్కింటి పెద్దమ్మకు, సాధకం గురించి అడిగిన ఆ పెద్దావిడకు ముందు చదివి వినిపించి, వాళ్ళు సరే అన్నాకే మీకు చూపిస్తాను.