ఒక్కసారే గీసిన గీత

నిన్న సాయంత్రం నా పరిశోధన సమీక్ష ముగిసింది. కమిటీ సంతకాలు పెట్టింది. పోయిన ఏడాది అదే గదిలో, అదే బోర్డు ముందు తల దించుకుని నిలబడ్డవాణ్ని కాబట్టి, ఈ సంతోషం చల్లారక ముందే రాసేస్తున్నాను.

భీమవరం దగ్గర ఒక కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. మిగిలిన వేళల్లో పలుచని బిస్మత్ లోహపు పొరల్లో విద్యుత్ రొద, అంటే వోల్టేజీ తనంతట తాను అటూ ఇటూ వణకడం మీద పీహెచ్‌డీ. శూన్యంలో బిస్మత్‌ను ఆవిరి చేసి గాజు మీద 20 నానోమీటర్ల పొరగా పూయడం రెండు నెలల్లో అయిపోయింది. ద్రవ నైట్రోజన్ అయితే పశువుల ఆసుపత్రి నుంచే దొరికింది. ఆబోతు వీర్యాన్ని నిల్వ ఉంచేది అందులోనే కదా. డబ్బా తెచ్చిన గోపాలమిత్ర కుర్రాడు (పశువులకు సూది వేసి చూలు కట్టించేవాడు) ప్రయోగశాల అంతా కలయజూసి, "మాస్టారూ, మీ దగ్గర ఉన్నది ఒంగోలా, ముర్రా?" అని అడిగాడు.

అసలు చికాకు ఎర్తింగ్‌తో మొదలైంది. గది వేడిమి దగ్గర ఒక కిలో ఓమ్ నిరోధం ఊరికే కూర్చున్నా, రొదను కొలిచే లెక్కలో ప్రతి వర్గమూల హెర్ట్జ్‌కూ 4 నానోవోల్టుల రొద చేస్తుంది. 1928లో జాన్సన్ కొలిచి, నైక్విస్ట్ లెక్క కట్టి చెప్పిన సంగతి ఇది. మా పరికరం దానికి పదింతలు చూపించేది. పైగా కరెంటు సరఫరా పౌనఃపున్యమైన 50 హెర్ట్జ్ దగ్గర తాటిచెట్టంత గీత. ఊరు నిద్రపోయాక కొలవమని పెద్దలు చెబుతారు. వాళ్లెప్పుడూ రొయ్యల చెరువుల మధ్య ఉండి చూడలేదు. మా దగ్గర అర్ధరాత్రి దాటి నీటిలో ఆక్సిజన్ తగ్గే వేళకే నీటికి గాలి పట్టించే ఏరియేటర్ మోటార్లన్నీ చుట్టూ తిరగడం మొదలవుతుంది.

ఎలక్ట్రీషియన్ వచ్చి ఎర్తు గొయ్యి తవ్వాడు. లోపలి ఇనుప పట్టీ తుప్పు పట్టి రెండు ముక్కలై ఉంది. కొత్త పట్టీ, బొగ్గు, ఉప్పు కావాలని కార్యాలయానికి రాసి ఇచ్చాను. "ఫిజిక్స్ వాళ్లకు ఉప్పెందుకు సార్? ఇక్కడి నేలంతా ఉప్పేగా" అన్నాడు గుమాస్తా. రెండో మాటలో న్యాయం ఉందని ఇప్పుడు ఒప్పుకుంటాను. అయినా ఆ కాగితాన్ని మూడు నెలలు తొక్కిపెట్టినందుకు మాత్రం క్షమించను. చివరికి నా జేబులోంచే పెట్టాను.

తరువాత వేరే ఊళ్లోని ఒక పెద్ద సంస్థలో ద్రవ హీలియం దగ్గర మూడు రోజులు ఇచ్చారు. 4.2 కెల్విన్. అయస్కాంత క్షేత్రాన్ని పెంచుతూ పోతే పొర వాహకత ఎగుడుదిగుడుగా ఊగింది. ఎగిరి గంతేశాను. చల్లని లోహంలో ఎలక్ట్రాన్ తరంగాలు వేరువేరు దారుల్లో వెళ్లి ఒకదానితో ఒకటి కలుస్తాయి. క్షేత్రం మారితే ఆ కలయిక మారి వాహకత ఊగుతుంది. చిన్న నమూనాలో ఆ ఊపు లోహం ఏదైనా ఇంచుమించు ఒకే పరిమాణంలో, అంటే 25.8 కిలో ఓమ్‌ల విలోమమంత ఉంటుందని 1985లోనే లెక్క తేలింది. నాకు దొరికింది అదేనని అనుకున్నాను. అనుకోవడమే కాదు, స్టాఫ్ రూములో పూతరేకులు పంచాను కూడా.

పోయిన ఏడాది సమీక్షకు వచ్చిన పెద్దాయన కళ్లజోడు తీసి నా గ్రాఫును దగ్గరగా చూశారు.

"ఇది మళ్లీ గీశారా?"

"లేదు సార్. హీలియం అయిపోయింది."

"పొర కొలతలు?"

"వెడల్పు ఒక మిల్లీమీటరు, పొడవు ఐదు."

"ఎలక్ట్రాన్ తన తరంగ దశను ఎంత దూరం నిలుపుకుంటుంది?"

"అర మైక్రాన్ సార్. మిల్లీమీటరులో రెండు వేలో వంతు."

"అయితే అర మైక్రాన్ గదులు మీ పొరలో ఎన్ని పడతాయో బోర్డు మీద వేయండి."

రెండు లక్షలు అని వేశాను. వెనక బెంచీ నుంచి నా ఎమ్మెస్సీ విద్యార్థినే మెల్లగా, "సార్, ఇంకో రెండు సున్నాలు" అంది. రెండు కోట్లు. ఆ దూరం దాటితే తరంగం తన దశను మరిచిపోతుంది కాబట్టి ఒక్కో గది తన ఇష్టానికి ఊగితే, అన్నీ కలిసేసరికి ఆ ఊపు సుమారు నాలుగున్నర వేలో వంతుకు పడిపోతుంది. నా గ్రాఫులో కనిపించే అవకాశమే లేదు.

"మరి ఇందులో ఊగుతున్నది ఏమిటి?" అన్నారాయన. కోపంగా కూడా కాదు, మామూలుగా. అదే ఎక్కువ తగిలింది. సుద్దముక్క చేతిలో నలిగి చొక్కాకు అంటింది. ఎవరూ మాట్లాడలేదు. ఫ్యాను చప్పుడు ఒక్కటే.

ఊగుతున్నదేమిటో వారం తరువాత దొరికింది. భూతద్దం కింద పెడితే, తీగను పొరకు అతికించిన వెండి పేస్టు చుక్కలో వెంట్రుకంత పగులు. చలికి పేస్టు ముడుచుకుని తీగను సగం వదిలేసింది. చవక పేస్టు కొన్నది నేనే. దీనికి కార్యాలయాన్ని తిట్టడానికి లేదు.

మళ్లీ మొదలు. ఎలక్ట్రాన్ పుంజంతో 100 నానోమీటర్ల వెడల్పు, ఒక మైక్రాన్ పొడవున్న బిస్మత్ పట్టీ గీయించుకోవడానికి నాలుగు నెలలు ఎదురుచూశాను. కరెంటును 10 నానో ఆంపియర్లకు దించాను. ఎక్కువ పంపితే ఎలక్ట్రాన్లే వేడెక్కి ఊగులాట చెరిగిపోతుంది. బయటి రొద దూరకుండా తీగలు మెలిపెట్టాను. క్షేత్రం పెంచుతూ ఒక గీత, తగ్గిస్తూ ఒక గీత. ఎరుపు, నీలం. తెల్లవారుజామున మూడింటికి ఒకదాని మీద ఒకటి పెడితే ప్రతి గుట్టా, ప్రతి పల్లమూ కలిశాయి. రొద అయితే ఒకసారి వేసిన వేషం మళ్లీ వేయదు. ఇది వేసింది. మా మండలంలో ఈ గీతను చూసిన మొదటివాణ్ని నేనేనని గట్టిగా చెప్పగలను, ఎవరికి కోపం వచ్చినా సరే.

మర్నాడు పట్టీని గది వేడిమికి తెచ్చి మళ్లీ చల్లబరిస్తే గీత పూర్తిగా వేరు! గుండె జారింది. తీరా చూస్తే అలాగే కావాలట. వేడికి లోపలి లోపాలు అటూ ఇటూ జరిగి, తరంగాల దారులు మారతాయి. చలిలో కూడా కొన్ని అణువులు నెమ్మదిగా కదులుతూనే ఉంటాయి, ఆ కదలికే తక్కువ పౌనఃపున్యాల దగ్గర రొదగా వినబడుతుంది. అలా పుట్టిన రొద అయితే అయస్కాంత క్షేత్రం పెట్టగానే సగానికి తగ్గాలి. బిస్మత్ పొరల్లోనే 1989లో దీన్ని కొలిచి చూపించారు. నాది సగానికి కాస్త పైనే ఆగింది. నిన్న పెద్దాయన ఆ అంకె దగ్గర ఆగి, "ఎన్నిసార్లు?" అన్నారు.

"పదకొండు సార్లు సార్."

కళ్లజోడు పెట్టుకుని తరువాతి పేజీ తిప్పారు.

ఇవాళ పొద్దున కార్యాలయం నుంచి కవరు వచ్చింది. ఉప్పు, బొగ్గు బిల్లు వెనక్కి పంపారు. ఉప్పుకు మూడు కొటేషన్లు జత చేయాలట.